పాలు తాగితే వరస మారుతుందా?

మొన్నటి సంక్రాంతి సెలవుల్లో నా పాత శిష్యురాలు ఒకతె నెల్లూరులో మా ఇంటికి వచ్చింది. డిగ్రీలో నా దగ్గర తెలుగు చదువుకున్న పిల్ల. మైపాడు వైపు ఒక పల్లె వాళ్ళది. భర్త రొయ్యల గుంటల దగ్గర లెక్కలు చూస్తాడు. చంకలో ఆరు నెలల బిడ్డ. కాఫీ ఇచ్చాను, బిడ్డను ఎత్తుకున్నాను, కుశలప్రశ్నలు అయినాయి. అయినా పిల్ల లేవదు. ఏదో అడగాలని వచ్చి అడగలేక కూర్చున్న వాలకం. చివరకు గోడ మీది క్యాలెండరు వంక చూస్తూ అడిగింది:

“మేడమ్, పాలు తాగితే వరస మారిపోతుందా?”

నేను తెలుగు మేష్టర్ని గదా! ఒక ప్రశ్నకు మూడు జవాబులు చెప్పకపోతే తోచదు. వెనుకటి రోజుల్లో బాలింతరాలికి పాలు పడకపోతే పక్కింటి తల్లి ఆ బిడ్డకు కూడా పాలిచ్చేదని, అలా ఒక రొమ్ము తాగిన పిల్లలను తోడబుట్టినవాళ్ళలా చూసేవారని మొదలుపెట్టాను. ముస్లిముల్లో అయితే ఇది మాటవరసకు కాదు, శాస్త్రమే. ఒకే తల్లి పాలు తాగిన ఆడపిల్లకూ మగపిల్లవాడికీ పెళ్ళి నిషేధం. సంస్కృతంలో ‘ధాత్రి’ అంటే భూమి, ఉసిరిక, పాలిచ్చి పెంచే దాది కూడా. మన ‘దాది’ ఆ మాట నుంచి వచ్చినదే. ఇట్లా పావుగంట చెప్పాను. క్లాసులో ఎంత ఓర్పుగా వినేదో అంత ఓర్పుగానూ విని, తల వంచుకుని అన్నది:

“బిడ్డ సంగతి కాదు మేడమ్. ఆయన సంగతి.”

నేను కాఫీ గ్లాసు కింద పెట్టాను.

పురిటికి వెళ్ళిన పిల్ల అయిదో నెలలో అత్తవారింటికి వచ్చింది. ఒకనాటి రాత్రి బిడ్డ పాలు తాగకుండానే నిద్రపోయింది. రొమ్ములు గడ్డకట్టి సలపరం. భర్త దగ్గరికి తీసుకున్నప్పుడు పాలు వాటంతట అవే వచ్చినాయి. ఆ రాత్రి అనుకోకుండా జరిగినది, తరువాత కొన్నాళ్ళు ఇద్దరికీ ఇష్టమై జరిగింది. అంతవరకు బాగానే ఉన్నది. ఒకనాడు పెరట్లో అమ్మలక్కల మాటల్లో ఎవరో ముసలమ్మ, “ఆలి పాలు తాగినోడు ఆలికి బిడ్డతో సమానం. వాడింక మొగుడెట్టవతాడు?” అన్నదట. ఎవర్ని గురించి అన్నదో ఏమో గాని, మాట ఈ పిల్లకు తగిలింది. ఆనాటి నుంచి మొగుణ్ణి దగ్గరికి రానివ్వలేదు. నెపం పెట్టి పుట్టింటికి వచ్చేసింది. అప్పటికి మూడు వారాలు. భర్త రోజూ ఫోను చేసి, “నేనేం తప్పు చేశాను?” అని అడుగుతున్నాడు. ఈమె చెప్పదు.

“నాకూ బాగానే ఉన్నింది మేడమ్. అదే నాకు భయంగా ఉండాది,” అన్నది.

ఆనాడు ఆమెకు చెప్పినదీ, తరువాత డాక్టరుగారిని అడిగీ పుస్తకాలు చూసీ తెలుసుకున్నదీ కలిపి, ఆ పిల్ల అనుమతితోనే ఇక్కడ రాస్తున్నాను. గుర్తుపట్టేందుకు వీలున్న వివరాలు మార్చాను. ధారావాహిక కోసం పేజీలు తిప్పుతూ వచ్చిన అత్తగార్లు ఈ పుట దగ్గర ఆగి ముక్కున వేలేసుకుంటారని నాకు తెలుసు. వేలేసుకున్నా సరే, చివరిదాకా చదవమని మనవి.

ముందు వరస సంగతి. మనకు వరస ఎలా వస్తుంది? రక్తం వల్ల, పెళ్ళి వల్ల, దత్తత వల్ల. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో కూడదని చెప్పిన సంబంధాల్లో పాల సంబంధం లేనే లేదు. ఇక పాల సంబంధానికి అంత విలువ ఇచ్చే ఇస్లాము ధర్మశాస్త్రంలోనైనా, అది పసితనంలో, రెండేళ్ళ లోపున తాగిన పాలకే వర్తిస్తుందని ఎక్కువమంది పండితుల నిర్ణయం. భార్య పాలు భర్త నోట పడినంత మాత్రాన నికా చెడదు. దీనికి విరుద్ధంగా 2007లో కైరోలోని అల్ అజ్‌హర్ విశ్వవిద్యాలయంలో ఒక ఆచార్యుడు విచిత్రమైన మాట ఒకటి అన్నాడు. ఒకే గదిలో పనిచేసే పరాయి మగవాడికి స్త్రీ పాలిస్తే ఇద్దరికీ తల్లీబిడ్డల వరస కలుస్తుంది, అప్పుడు ఏకాంతంగా ఉన్నా దోషం లేదని! ఈజిప్టు అంతా గగ్గోలెత్తింది. విశ్వవిద్యాలయం ఆయనను పని నుంచి తప్పించింది, ఆయన తన మాట వెనక్కు తీసుకున్నాడు.

మరి ముసలమ్మ మాట ఎక్కడిది? కథల్లోనుంచి వచ్చింది కాబోలు. మన కథల్లో పాలు ఎప్పుడూ తల్లినే పట్టిచ్చేవి. అయిదో శతాబ్దం మొదట్లో మన దేశానికి వచ్చిన చైనా యాత్రికుడు ఫాహియాన్ వైశాలి దగ్గర విన్న కథ ఒకటి రాశాడు. పుట్టగానే గంగలో వదిలేసిన వేయిమంది కొడుకులు పెద్దవాళ్ళయి, తమ తండ్రి రాజ్యం మీదికే దండెత్తి వస్తారు. తల్లి కోట మీదికెక్కి రొమ్ములు పిండితే ఒక్కొక్క రొమ్ము నుంచి అయిదువందల ధారలు వెళ్ళి ఆ వేయిమంది నోళ్ళలో పడతాయి. వాళ్ళు విల్లులు కింద పెడతారు. మన అనసూయ కథ ఉండనే ఉన్నది. అతిథులై వచ్చిన త్రిమూర్తులు అడగరానిది అడిగితే, ఆమె వాళ్ళను పసిబిడ్డలను చేసి పాలిచ్చింది. అంటే కోరిక ఉన్నచోట పాలు ఉండరాదు, పాలున్నచోట కోరిక ఉండరాదని ఆ కథ గీత గీసింది. రోము నగరపు పాతకథలో చెరసాలలో ఆకలితో చావబోతున్న తండ్రికి పెరో అనే కూతురు తన పాలిచ్చి బతికించుకుంటుంది. దాన్ని కరవాజ్జో అనే చిత్రకారుడు 1607లో నేపుల్సు నగరంలో చిత్రించాడు. 1939లో వచ్చిన స్టెయిన్‌బెక్ నవల ‘ద గ్రేప్స్ ఆఫ్ రాత్’ చివర కూడా, బిడ్డను పోగొట్టుకున్న యువతి ఆకలితో కొనవూపిరిగా ఉన్న అపరిచితుడికి పాలిస్తుంది. కథలు ఇన్ని ఉన్నాయి గాని, ఆలుమగల కథ మాత్రం నాకు ఒక్కటీ తగల్లేదు. కథ లేనంత మాత్రాన సంగతి లేదని అర్థం కాదు గదా.

మన ప్రబంధాలు పాఠం చెప్పేటప్పుడు నాకిది ఏటా అనుభవమే. ‘పయోధరము’ అనే మాట రాగానే వెనుక బెంచీలో కిసుక్కున నవ్వు. పయస్సు అంటే నీరూ, పాలూ. నీటిని ధరించేది మేఘం, పాలను ధరించేది స్తనం. మాటలోనే పాలున్నాయి. కాని నాయిక వర్ణన సాగినంతసేపూ ఆ పాల ఊసే రాదు. కలశాలంటాడు, కొండలంటాడు, జక్కవలంటాడు కవి. బిడ్డ పుట్టిన మరుక్షణం అదే అవయవం అమ్మది అయిపోతుంది, ఇక నాయిక కనపడదు. రొమ్ము ఒకటే, దానికి కాపురం రెండు! ఈ రెండూ ఒకే ఇంట్లో, ఒకే రాత్రి కలుసుకుంటే కొత్తగా తల్లి అయిన పిల్ల ఏమనుకోవాలో ఏ కవీ చెప్పలేదు.

పెద్దవాళ్ళు స్త్రీ పాలు వాడటం వైద్యంలో కొత్త కాదు. చరకుడు స్త్రీ స్తన్యాన్ని జీవనమనీ, పుష్టినిచ్చేదనీ అన్నాడు. రక్తపిత్తంలో ముక్కులో వేయడానికి, కంటిపోటుకు తర్పణంగా చెప్పాడు. కళ్ళకలకకు చనుబాలు పిండటం మన పల్లెల్లో మొన్నమొన్నటిదాకా ఉన్నది. ఇప్పుడు అది చేయవద్దు. పాలు శుద్ధి చేసిన మందు కాదు, కంటికి కంటి డాక్టరు ఉన్నాడు. నేను చెప్పదలచిందల్లా, చనుబాలు పెద్దల ఒంటికి తాకితే మైలపడతారన్న మాట మన పూర్వులు అనలేదని.

ఇక దేహధర్మం. మన భాషలో ‘చేపు’ అని చక్కని మాట ఉన్నది. దూడను వదలగానే ఆవు చేపుతుంది. మనిషికీ అంతే. రొమ్మును తాకినప్పుడు మెదడు దగ్గరి చిన్న గ్రంథి నుంచి ఆక్సిటోసిన్ అనే రసం రక్తంలో కలుస్తుంది. అది పాలను ముందుకు నెడుతుంది. చిక్కంతా ఏమంటే, దాంపత్య సుఖంలోనూ ఊరేది ఆ రసమే. అందుకే పాలిచ్చే స్త్రీకి భర్తతో కలిసినప్పుడు పాలు కారటం ఉన్నది. మాస్టర్సు, జాన్సను అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు 1966 నాటి తమ గ్రంథంలో దీన్ని నమోదు చేశారు. ఆ పిల్ల తన ఒళ్ళే తనను మోసం చేసిందనుకున్నది. మోసం లేదు, పాపం లేదు. ఒక కాలువకు రెండు తూములున్నట్టు, అంతే.

“బిడ్డ నోటి కూడు తీస్తున్నామా మేడమ్?” అన్నది రెండో ప్రశ్న. నిజానికి ఇదే అసలు ప్రశ్న. పెన్నలో ఇసుక తోడి చెలమ తీస్తాం గదా, తోడేకొద్దీ ఊరుతుంది. చనుబాలూ అంతే, తీసేకొద్దీ ఊరుతాయి. తల్లిపాలే తాగే బిడ్డకు రోజుకు ముప్పాతిక లీటరు పైచిలుకు పడతాయి. తల్లికి బాగా పడుతుంటే, బిడ్డ కడుపునిండా తాగిన తరువాత భర్త నోట పడే గుక్కెడు పాల వల్ల లోటు రాదు. కాని వరస మాత్రం తప్పరాదు: ముందు బిడ్డ, తరువాతనే ఎవరైనా. కాన్పు కాగానే వచ్చే ముర్రుపాలు పూర్తిగా బిడ్డవే. మొదటి ఆరు వారాలు పాలు స్థిరపడే కాలం, తల్లి ఒళ్ళు కూడా పచ్చిగా ఉండే కాలం. అప్పుడు భర్త దూరంగా ఉండటమే మర్యాద. బిడ్డ బరువు సరిగా పెరగకపోతే ఈ ముచ్చట ఆపి డాక్టరుకు చూపించాలి. మొదటి ఆరు నెలలు తల్లిపాలే, ఆ తరువాత వేరే తిండితోపాటు రెండేళ్ళు, ఆపైన కూడా పాలివ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అంత పొడుగు కాలం మధ్యలో ఆలుమగలకు ఈ సందర్భం రాకుండా ఎలా ఉంటుంది?

రుచి సంగతి అడిగేవారికి: ఆవుపాల కంటే తియ్యన, ఎందుకంటే పాలచక్కెర నూటికి ఏడు పాళ్ళు. పెద్దవాడికి దానివల్ల బలమూ రాదు, జబ్బూ రాదు. తల్లి ఆరోగ్యంగా ఉండాలి, అంతే. హెచ్.ఐ.వి. ఉంటే అది పాలద్వారా సోకవచ్చు. తల్లి వాడే మందులు కొంత పాలలో దిగుతాయి.

పురుషుడి వైపు నుంచి వచ్చే ముప్పే ఎక్కువ. పెదవి మీద జ్వరపు పొక్కు ఉన్నవాడు నోరు పెడితే అది చనుమొనకు అంటి, అక్కడి నుంచి పసిబిడ్డకు చేరుతుంది. నెలల పిల్లకు అది ప్రాణం మీదికి తెచ్చే జబ్బు. కాబట్టి పొక్కు మానేదాకా దగ్గరికి రాకూడదు. నోరు కడుక్కోవాలి, చుట్ట, గుట్కా నోటితో వచ్చేవాణ్ణి గడప బయటే నిలబెట్టవచ్చు. పళ్ళు తగలకూడదు. చనుమొన చిట్లి ఉంటే మానేదాకా ఆగాలి. రొమ్ము ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే భర్త తాగి తగ్గించేది కాదు, ఆసుపత్రికి వెళ్ళవలసినది. ఇంకొకటి: పాలిస్తున్నన్నాళ్ళు గర్భం రాదనే ధీమా వద్దు. నెలసరి రాకుండా, బిడ్డకు వేరే ఏమీ పెట్టకుండా, ఆరు నెలల లోపున అయితేనే ఆ రక్షణ. మా పిల్లకు ఆ ఆరు నెలలూ అప్పటికే దాటిపోతున్నాయి. అది కూడా చెప్పి పంపాను. మళ్ళీ కడుపుతో ఉన్నప్పుడు, నెలలు నిండకుండా నొప్పులు వచ్చే ప్రమాదం ఉన్నదని డాక్టరు చెప్పిన స్త్రీ రొమ్ముల జోలికి పోనివ్వకూడదు. ఆ రసమే గర్భసంచినీ బిగిస్తుంది.

ఇదంతా బిడ్డ ఉన్న ఇంటి మాట. బిడ్డ లేకున్నా, బిడ్డ పాలు మానినా, ఈ కోరిక బలంగా ఉన్న దంపతులూ ఉన్నారు. కొందరికి అది శృంగారం. కొందరికి తల ఒళ్ళో పెట్టుకుని పడుకునే నెమ్మది, అంతే. పాలే అక్కరలేదు వాళ్ళకు. ఇది రోగమా అంటే కాదు. 2013లో అమెరికా మానసిక వైద్యులు తమ గ్రంథాన్ని తిరగరాసినప్పుడు, కోరిక అరుదైనంత మాత్రాన జబ్బు కాదనీ, అది తనకు బాధగానో ఇతరులకు హానిగానో పరిణమించినప్పుడే జబ్బనీ విడదీశారు. కాన్పు లేకుండా కూడా వారాల తరబడి, నెలల తరబడి రోజుకు అనేకసార్లు ఓర్పుగా చేస్తే కొందరికి పాలు పడతాయి. దత్తత తల్లులు అలా బిడ్డలకు పాలిచ్చినవాళ్ళున్నారు. అందరికీ పడవు. తొందరపడి మందుల జోలికి పోరాదు. వాంతులకు వాడే డోంపెరిడోన్ బిళ్ళ పాలు పెంచుతుందని కొందరు మింగుతున్నారు. అది గుండె లయను చెడగొట్టవచ్చునని 2004లోనే అమెరికా ఔషధ సంస్థ హెచ్చరించింది. గేదెలకు పొడిచే ఇంజెక్షను మాట ఎత్తేవాళ్ళు కూడా ఉన్నారు. మనిషి గేదె కాదు, గేదెకైనా అది మంచిది కాదు. ఇక ఏ ప్రయత్నమూ లేకుండా, కాన్పు లేకుండా పాలు కారితే అది డాక్టరు చూడవలసిన లక్షణం.

డబ్బు చేరినప్పుడు సంగతి మారిపోతుంది. 2013లో చైనాలోని షెన్‌జెన్‌లో సంపన్నులు తాము తాగడానికి దాదులను కుదుర్చుకుంటున్నారని పత్రికల్లో వచ్చి దేశం మండిపడింది. మన దేశంలో 2024 మే నెలలో ఆహార భద్రతా సంస్థ తల్లిపాల అమ్మకం కూడదని ప్రకటించింది. ఎక్కువ పాలున్న తల్లి ఇవ్వదలిస్తే హైదరాబాదు నిలోఫర్ ఆసుపత్రిలో 2017 నుంచి నడుస్తున్న ‘ధాత్రి’ వంటి పాలబ్యాంకులున్నాయి. అక్కడ పాలను కాచి శుద్ధి చేసి, నెలలు నిండని బిడ్డలకు పోస్తారు.

అన్నీ అయిన తరువాత ఆ పిల్లను ఒకటే అడిగాను: “నీకిష్టమేనా? ఆయన కోసం ఊరుకుంటున్నావా?”

చాలాసేపు మాట్లాడలేదు. “ఇదివరకు నన్ను ఎవురూ ఇట్ట అడగలేదు మేడమ్. ఇష్టమే. కాని రోజూ కాదు. బిడ్డ రాత్రంతా పీక్కుతిన్న రోజున ఒళ్ళు ముట్టుకుంటేనే చిరాకు,” అన్నది.

“ఆ మాట ఆయనతో అన్నావా?”

అనలేదు. అనవచ్చునని తెలియదు. భార్య వద్దన్నా వినకుండా చేసేది, ఆమెను చిన్నబుచ్చేది ఏదైనా సరే, 2005 నాటి గృహహింస చట్టం లెక్కలో హింసే. అయితే ఈ ఇంట్లో చట్టం దాకా అక్కరలేదు. అతనికి సంగతి తెలియక కొట్టుకుంటున్నాడు, ఈమె చెప్పలేక కొట్టుకుంటున్నది.

మాటల మధ్యలో మా వీధికి చేపల బుట్టతో వచ్చే అవ్వ రానే వచ్చింది. కోడూరు అవతల పట్టపుపాలెం నుంచి తెల్లవారక ముందే బయలుదేరి వస్తుంది. బాలింతరాలిని చూడగానే, “పాలసొర ఉండాది తల్లా! వెల్లిపాయలు దండిగా ఏసి పిట్టు చేసుకో, బిడ్డకు పాలు ధారగా పడతాయి,” అని తూచబోయింది. మా ఇంట్లో శాకాహారం. అయినా నేను ధర అడిగాను. అవ్వ పాలెంలో ఎందరికో పురుళ్ళు పోసిన చెయ్యి. నాకు అప్పుడు ఏం ధైర్యం వచ్చిందో, ఎవరిదీ అనకుండా, ఆ ముసలమ్మ చెప్పిన వరస మాట ఆమె దగ్గరా అడిగాను.

అవ్వ తక్కెడ కింద పెట్టి, చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని కడుపుబ్బ నవ్వింది. “వరసే మారిపొయ్యేదైతే మా పాలెంలో మొగుడనేవాడు ఒక్కడు మిగలడమ్మా!” అన్నది.

నేను పావుగంట చెప్పిన శాస్త్రం చేయలేని పని ఆ నవ్వు చేసింది. మా పిల్ల కూడా నవ్వింది, కళ్ళు తుడుచుకున్నది, అరకిలో పాలసొర కొనుక్కున్నది. ఆ సాయంత్రమే భర్త మోటారు సైకిలు మీద వచ్చి తీసుకుపోయాడు. నన్ను చూసి ఆ అబ్బాయి నమస్కారం పెట్టి తల దించుకున్నాడు. ఆమె ఏం చెప్పిందో, ఎంత చెప్పిందో నేను అడగలేదు.

ఉగాది వెళ్ళిన తరువాత ఒకనాడు ఫోను చేసింది. బిడ్డకు కింద రెండు పళ్ళు వచ్చినాయట, కొరుకుతున్నదట. ఒకసారి రక్తం కూడా వచ్చిందట.

“కొన్నాళ్ళు నా జోలికి రావద్దని ఆయనతో చెప్పేశా మేడమ్.”

“ఏమన్నాడు?”

“సరే అన్నాడు. పక్కకు తిరిగి పడుకున్నాడు. కాసేపటికి లేచి, బిడ్డనెత్తుకుని వరండాలో తిప్పతా ఉన్నాడు. నేను నిద్రపోయినా.”